పసుపు మీద నలుపు

"గులాబీ రంగు మీద తెల్లక్షరాలేంటండీ, భీమరాజుగారూ? మీ అమ్మాయి దొరకాలా, అక్కర్లేదా?"

అనేశాక ఎజ్రా నాలిక కరుచుకున్నాడు. కూతురు కనబడక మూడు రోజులుగా తిండీ నిద్రా లేని మనిషితో అనాల్సిన మాట కాదది. కానీ ఏం చేస్తాడు, రంగుల దగ్గరికొచ్చేసరికి ఎజ్రా ముందూ వెనకా చూడడు. నిడదవోలు స్టేషన్ రోడ్డులో అతని ఫ్లెక్సీ షాపుకి అందుకే అంత పేరు.

భీమరాజు ఏమీ అనుకోలేదు. అన్నగారబ్బాయి ఫోన్లో తయారుచేసిచ్చాడనీ, ఎలా బావుంటే అలా మార్చమనీ అన్నాడు. పక్క కుర్చీలో అతని భార్య శ్యామలాంబ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఫోటోలో కూతురు హారతి పుట్టినరోజు డ్రెస్సులో నవ్వుతోంది. ఆ పిల్ల ఒక్కతే వెళ్ళలేదనీ, తనతో చదివే కుర్రాడితో వెళ్ళిపోయిందనీ ఊరంతా చెప్పుకుంటోంది. ఎజ్రా మాత్రం ఆ ఊసెత్తలేదు.

కదిలే బస్సులోంచి చూసేవాడికి రెప్పపాటే టైముంటుందనీ, ఆ రెప్పపాటులో కంటికి ఆనాలంటే పసుపు మీద నలుపుని మించింది లేదనీ చెప్పాడు. చెబుతూనే గులాబీ రంగంతా తీసిపారేసి పసుపు పరిచాడు. దాని మీద పేరూ ఫోన్ నంబరూ నల్లగా, దళసరిగా దిగాయి. పిల్ల మొహం ఒక్కసారిగా ముందుకొచ్చి నిలబడింది. శ్యామలాంబ "అమ్మా" అంటూ స్క్రీన్ మీదికి చెయ్యి చాపింది.

పోలీస్ స్టేషన్ నంబరు కూడా వేద్దామన్నాడు ఎజ్రా. భీమరాజు వద్దన్నాడు. ఆడపిల్ల విషయం స్టేషన్ దాకా ఎందుకని, తన ఒక్కడి నంబరే చాలన్నాడు. అదీ నిజమేననుకున్నాడు ఎజ్రా.

అంతటితో ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. దారినపోయేవాళ్ళకే కాదు, అమ్మాయి కంటబడితే తనకీ ఓ మాట ఉండాలన్నాడు. అడుగున ఎర్రటి పట్టీ లాగి, దాని మీద తెల్లగా మెరిసేలా అక్షరాలు కొట్టాడు: 'నాన్న ఏమీ అనడు. ఇంటికి రా, తల్లీ.'

భీమరాజు ఆ పట్టీ వైపు చాలాసేపు చూశాడు.

"బావుందండి. ఆ ముక్క ఇంకాస్త పెద్దది చెయ్యండి," అన్నాడు.

ఎజ్రాకి కళ్ళు చెమర్చాయి. ఎంత పంతమున్నా కన్నతండ్రి కదా అనుకున్నాడు. సాయంత్రానికల్లా రాజమండ్రి, సామర్లకోట, కాకినాడ బస్టాండుల్లో ఆ ఫ్లెక్సీలు కట్టించేశారు. ఆదివారం చర్చిలో ఎజ్రా ఆ పిల్ల పేరు చెప్పి మరీ ప్రార్థన చేయించాడు.

సోమవారం మధ్యాహ్నం భీమరాజు ఒక్కడే షాపుకొచ్చాడు. గడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

"దొరికిందండి, ఎజ్రాగారూ. అంతా మీ చలవే. కాకినాడ బస్టాండులో ఆ ఎర్రపట్టీ చదివి తనే ఫోన్ చేసింది. నిజంగా ఏమీ అనవు కదా నాన్నా అని ఒకటే ఏడుపు."

ఎజ్రా రెండు చేతులూ ఎత్తి ప్రభువుకి స్తోత్రం చెప్పుకున్నాడు. ఇన్నేళ్ళూ తన రంగులు చీరల్ని అమ్మిపెట్టాయి, సిమెంటుని అమ్మిపెట్టాయి, ఇన్నాళ్ళకి ఒక మంచిపని చేశాయి. సంతోషం పట్టలేక అమ్మాయి ఎక్కడుందని అడిగాడు. తన తమ్ముళ్ళు కారులో తీసుకొస్తున్నారనీ, రాజమండ్రి దాటారనీ భీమరాజు చెప్పాడు. పెద్దలు మాట్లాడుకున్నాక కబురు చేస్తామని కుర్రాణ్ణి అక్కడే ఉండమన్నారట. అమ్మగారి ప్రాణం కుదుటపడి ఉంటుందన్నాడు ఎజ్రా. ఆవిణ్ణి పొద్దున్నే పెద్దాపురం, పుట్టింటికి పంపించేశానన్నాడు భీమరాజు.

కూతురొచ్చే పూట తల్లిని పంపెయ్యడమేంటో ఎజ్రాకి అర్థం కాలేదు. అడిగేలోపే భీమరాజు ఇంకో ఫ్లెక్సీ కావాలన్నాడు. ఫోటో అదేనట. స్వాగతం చెప్పడానికి కాబోలనుకుని ఎజ్రా హుషారుగా ఆకుపచ్చ పరిచాడు.

"రంగులొద్దండి. నలుపూ తెలుపూ చాలు. పైన అశ్రునివాళి అని వెయ్యండి."

ఎజ్రా చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది. కాసేపటికి తేరుకున్నాడు. ఇలాంటివి అతనికి కొత్త కాదు. మాట కాదని వెళ్ళిపోయిన కూతురికి బతికుండగానే, కోపం కొద్దీ, దండేసిన ఫోటోతో ఫ్లెక్సీ కట్టించిన తండ్రుల్ని ఇద్దరు ముగ్గుర్ని చూశాడు. వాటి మీద జననం తేదీ ఒక్కటే ఉంటుంది, మరణం దగ్గర ఖాళీ. నాలుగు రోజులు పోయాక కోపం చల్లారి వాళ్ళే విప్పించేస్తారు. పిల్ల తనంతట తనే వస్తోంది కదా, ఇప్పుడీ పంతం దేనికని ఎజ్రా బతిమాలాడు. నలుపూ తెలుపూ అయితే ఎవరూ తలెత్తి చూడరని కూడా చెప్పాడు.

చూడకపోయినా పర్లేదన్నాడు భీమరాజు.

ఎజ్రా నిట్టూర్చి హారతి మొహం చుట్టూ నల్లగీత గీశాడు. జననం పక్కన తేదీ కొట్టాడు. మరణం పక్కన అలవాటు ప్రకారం ఖాళీ వదిలేశాడు.

భీమరాజు స్క్రీన్ మీదికి వంగి చూశాడు.

"అదెందుకండి వదిలేశారు?" అన్నాడు నెమ్మదిగా. "రేపటి తేదీ వెయ్యండి."