ఫినిష్ కాడ

"పదకొండైపోయింది ఆంటో, తోరణం దించుప్పా," అన్నాడు సూపర్వైజర్ తంగరాజ్.

మారథాన్ ఫినిష్ గీత మీద గాలి నింపి నిలబెట్టిన తోరణం అది. ఆంటో చెయ్యి దాని గాలి మోటారు స్విచ్చి మీదే ఆగిపోయింది. బీచ్ రోడ్డు మీద ఇంకా ఒక మనిషి కుంటుకుంటూ పరిగెత్తుకొస్తోంది. ఆమె అతని భార్య లూర్దుమేరి.

"ఇంకొకరు వస్తా ఉండారు సార్. రెండు నిమిషాలు ఆగుదాం."

"టైమైపోయినాక ఎవరొస్తే మనకేంటి? ఆ నడక చూడు, పెళ్ళి ఊరేగింపులో గుర్రం మాదిరి!"

తాళ్ళు విప్పుతున్న కూలీలు పకపకా నవ్వారు.

అక్టోబరులో ఆమెను డెంగ్యూ పడేసింది. నవంబరు వానల్లో మడమ బెణికింది. అప్పుడూ పరుగు సాధన మానలేదు. ఈరోజు నలభై రెండు కిలోమీటర్లకు బయల్దేరుతూ, "ఫినిష్ కాడ నువ్వుంటావు గదయ్యా, అది చాలు నాకు," అంది.

ఆంటో స్విచ్చి కట్టేశాడు. తోరణం మెల్లగా ముడుచుకుంటూ రోడ్డు మీద కూలబడింది.

"ఏం, నీకు తెలిసినామెనా?" అన్నాడు తంగరాజ్.

కూలీలందరూ అతని వైపే చూస్తున్నారు.

"నాకేం తెలుసు సార్? ఎవురో ఏమో."

మోటారు ఆగిపోయిన నిశ్శబ్దంలో ఆ మాట ఆంటో అనుకున్నదానికంటే గట్టిగా వినిపించింది.

లూర్దుమేరి అప్పటికే పదడుగుల దూరంలో ఉంది. ఆంటో గబగబా ఎదురెళ్ళి నీళ్ళ సీసా చాపాడు. ఆమె అందుకోలేదు. కిందపడిన తోరణాన్ని తొక్కకుండా దాటి, ఊపిరి కూడదీసుకుని, దారినపోయే మనిషిని అడిగినట్టు అతన్ని అడిగింది.

"మెడల్ ఎవురి కాడ తీసుకోవాల, అన్నా?"