రేకు చెదరని పువ్వు

"గట్టిగ ఒత్తు! రేపు డాక్టరు ముందట గూడ ఇట్లనే చేస్తవా?" అని అరిచాను.

మా ఆయన పరమేశ్ కుడిచేతిలో బిస్కెట్ ప్రెస్సు వణికింది. పిడి నొక్కితే పిండి పువ్వులా ట్రేలో పడాలి. సగం వచ్చి వేలాడింది.

క్రేను మెట్ల మీంచి జారిపడి విరిగిన చెయ్యి అది. రేపు కంపెనీ డాక్టరు దాని పట్టు చూస్తాడు. పట్టు లేదంటే ఉద్యోగం ఖలాస్, వీసా రద్దు. ఆ వీసా మీదే నేనూ ఈ గల్ఫ్ దేశానికి వచ్చాను కనక, దానితోపాటు ఇక్కడ మనామాలో మొన్ననే దొరికిన నా టీచరు ఉద్యోగమూ పోతుంది.

"నాతోని అయితలేదు రాణీ."

"పిడికెడు పిండి ఒత్త చాతగాదు, నువ్వేం మొగోనివి!"

ఏడుపు ఆపుకోలేక వంటగదిలోకి వెళ్లిపోయాను. కాసేపటికి టక్కుమని చప్పుడైంది. తొంగిచూశాను. ట్రేలో రేకు చెదరని పువ్వు. దాని పక్కన ఇంకొకటి ఒత్తుతున్నాడు, ఆ కుడిచేత్తోనే, అలవోకగా.

నన్ను చూసి ప్రెస్సు వదిలేశాడు.

"చెయ్యి ఎప్పుడో మంచిగైంది. రేపు పాసైతే మళ్ల క్రేను ఎక్కిస్తరు రాణీ. కండ్లు మూస్తే నేను పడ్డ జాగనే కనవడుతది."

ట్రే దగ్గరికి వచ్చాను. రెండు పువ్వులనూ చిదిపి ముద్దలో కలిపేసి, ప్రెస్సు మళ్లీ అతని చేతిలో పెట్టాను.

"ఒత్తు. ఇంకా మంచిగ వణకాలె. డాక్టరు నాలెక్క ఊకెనే నమ్మడు."