నాసిక్ సభలు

"నాసిక్‌లో సువార్త సభలున్నాయి నాన్నా. మూడ్రోజులు" అన్నాడు ఫెలిక్స్.

నిజానికి అతను వెళ్తున్నది సభలకు కాదు, వైన్ రుచి చూడ్డానికి. గాజువాక ఫ్యాక్టరీలో తనతో పనిచేసే అజయ్, తనూ కలిసి వేసుకున్న ప్లాన్ అది. ద్రాక్షతోటలోనే గది. సాయంత్రం రకరకాల వైన్లు పోసి రుచి చూపిస్తారట.

నాన్న తోమా చోడవరం చర్చిలో సంఘపెద్ద. ఆయనకి వైన్ మాట చెబితే కొంప మునుగుతుంది. అందుకే సభలన్నాడు.

తోమా మురిసిపోయాడు. మురిసిపోయి ఊరుకున్నా బాగుండేది. ఆదివారం ఆరాధనలో లేచి నిలబడ్డాడు.

"మావోడు నాసిక్ సభలకెల్తన్నాడు. అందరూ ప్రార్థన సెయ్యండి."

చర్చంతా కళ్ళు మూసుకుని ఫెలిక్స్ కోసం ప్రార్థన చేసింది. ఫెలిక్స్ ఒక్కడే కళ్ళు తెరుచుకుని గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాడు. అబద్ధం ఆడటం తేలికే. దాని మీద ప్రార్థన చేయించుకోవడమే కష్టమైంది.

ఆరాధన కాగానే అజయ్ నుంచి ఫోన్. ఫెలిక్స్ చర్చి వెనక్కి వెళ్ళాడు.

"కిటికీ తీస్తే ద్రాక్షతోట కనిపించాల్రా. అలాటి రూమే బుక్ చెయ్యి."

"చేసేన్లే. ఇంతకీ నీకు వైన్ రుచి తెలుసేటి?"

"మా చర్చిలో ప్రభు బల్ల దగ్గరిచ్చే ద్రాక్షరసమే తెలుసు. మత్తుండదు గాని, ఆ లవంగం వాసనా, ఆకర్ని ఆ పులుపూ... ఇంకో గ్లాసు పోస్తే బాగుణ్ననిపిస్తాది."

ఫోన్ పెట్టి తిరిగేసరికి వెనక ఒక ముసలామె. ఎవరో తెలీదు. నవ్వుతోంది.

"బాబూ, నాసిక్‌లో ద్రాక్షతోటలుంటాయేటి?"

ఫెలిక్స్ ఫోన్ జేబులో కుక్కేశాడు. అంతా వినేసింది.

"నన్నూ తీసుకెల్తావా? టికెట్టు నానే కొనుక్కుంటాను. తోట ఓపాలి సూసేసి, మీ సభల్లో ఓ మూల కూసుంటాను."

వెక్కిరిస్తోందా? బెదిరిస్తోందా? నాన్న ఇంకా లోపలే ఉన్నాడు.

"తోటల్లేవు, ఏటీ లేవు. అన్నీ నరికేసేరు."

"అన్నీనా?"

"అన్నీ."

ఆమె మొహంలో నవ్వు పోయింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"సర్లే బాబూ. జాగర్తగా ఎల్లిరా."

గోడ పట్టుకుని, మెట్టు మెట్టూ కాలితో తడుముకుంటూ దిగింది.

ఆమె ఎక్కడ నాన్నకి చెప్పేస్తుందోనని రైలెక్కేదాకా ఫెలిక్స్ హడలిపోయాడు. ఆమె చెప్పలేదు.

నాసిక్‌లో వైన్ బాగానే ఉంది. తోటలు ఇంకా బాగున్నాయి. కొండల దాకా వరసలు వరసలుగా తీగలు. వాటిని చూసినప్పుడల్లా "అన్నీనా?" అన్న మాటే చెవిలో మోగింది. పాపం, ముసలిదాన్ని తీసుకొస్తే ఏం పోయేదనిపించింది. ఫోటో తీయబోయి మానేశాడు.

తిరిగొచ్చాక, చర్చిలో ప్రభు బల్ల.

ఫెలిక్స్ చిన్న గ్లాసు నోట్లో పోసుకుని ఆగిపోయాడు. ఉత్త తీపి. సీసాలో అమ్మే షర్బత్‌లా ఉంది. లవంగం వాసనే లేదు.

బయట ఆ ముసలామె కనిపించింది. ఒకమ్మాయి చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. ఆమె కళ్ళు ఎటో చూస్తున్నాయి.

తోమా ఎదురెళ్ళాడు.

"కరుణమ్మా, మావోడు నాసిక్ నించి వచ్చేడు."

"వచ్చేవా బాబూ? సభలు బాగా జరిగేయా?"

నిజం చెప్పేయాలనుకున్నాడు. పక్కన నాన్న.

"బాగా జరిగేయమ్మా."

"అంతే సాలు" అని ఆమె అమ్మాయి చెయ్యి తడుముకుని కదిలింది.

ఆమె వైపు చూడలేక ఫెలిక్స్ మాట మార్చాడు.

"నాన్నా, ఈపాలి ద్రాక్షరసం మారిపోయిందేటి?"

తోమా వెళ్ళిపోతున్న కరుణమ్మనే చూస్తూ అన్నాడు.

"ఇన్నేళ్ళూ మన బల్లకి ద్రాక్షలుడకేసి రసం తీసింది ఆవిడేరా, సూపు పోయేలోపు ద్రాక్షతీగనొక్కసారి సూడాలనుకుంది గాని, అన్నీ నరికేసేరని ఎవరో సెప్పేరట."