పక్కింటాయన నోట నురగ

నెరిస్ తలుపు తీసేసరికి గుమ్మంలో పక్కింటి ప్రాసర్ గారు నిలబడి ఉన్నారు. ఆయన మూతి నిండా గులాబీరంగు నురగ.

"అమ్మా! ఈయన మన బాంబు తినేశారే!"

వంటింట్లో ఒల్వెన్ వంటసోడా, నిమ్మఉప్పు, పూలనూనె కలిపి ఉండలు చేస్తోంది. తొట్టి నీళ్లలో వేస్తే బుసబుస పొంగే స్నానం బాంబులవి. సంతలో అమ్మడానికి తల్లీకూతుళ్లు వాటిని ముద్దుగా, అచ్చం కేకుల్లా, కాగితం గిన్నెల్లో పెట్టి రిబ్బన్లు కడుతున్నారు. ఈ నూనె వాసన ఘాటుకి పక్కింటాయన గొడవకొస్తాడేమోనని పొద్దున ఒకటి ఆయన గుమ్మంలో పెట్టొచ్చింది ఒల్వెన్.

ఇప్పుడు ఆవిడ గాభరాగా మంచినీళ్లు తెచ్చిచ్చింది. తాగగానే ఆయన ముక్కులోంచి కూడా నురగ తన్నుకొచ్చింది.

"ఉమ్మేయండి! అది తినేది కాదండీ, స్నానానికి!"

"స్నానానికా? మీ ఇంట్లో కేకులు ఇలాగే చేస్తారేమో అనుకున్నా."

నెరిస్ నవ్వాపుకోలేకపోయింది. "మొదటి ముక్కకే తెలీలేదా?"

"తెలిసింది తల్లీ. ఘోరంగా ఉంది."

"మరి ఎంత తిన్నారు?"

"సగం." ఆయన రుమాలుతో గడ్డం తుడుచుకున్నారు. "ఈ వీధికొచ్చిన దగ్గర్నుంచీ నాకెవరూ ఏదీ చేసి పెట్టలేదు. వదిలేస్తే మళ్లీ పెట్టరేమోనని..."

నెరిస్ నవ్వు ఆగిపోయింది.

ఒల్వెన్ బల్లమీది ఉండలన్నీ పక్కకు నెట్టి, కుర్చీ లాగింది. "కూర్చోండి." పిండి కలిపి, పెనం మీద ఎండుద్రాక్ష వేసిన బిళ్లల్లాంటి కేకులు కాల్చి, పళ్లెంలో పెట్టి ఆయన ముందుంచింది.

"ఇది తినేదేనా?" అని అడిగి, జవాబు వినకుండానే ప్రాసర్ గారు నోట్లో వేసుకున్నారు.