రంగు ఆరని సైకిలు

ఆదివారం ఉదయం ఆరు గంటలకు కిరండూల్ స్టేషన్‌లో సత్యమూర్తి సైకిలు మడత పడలేదు.

పాసింజరు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. కూతురు సూర్యకాంతం తన సంచి లోపల పెట్టి కిందికి దిగొచ్చింది.

"మడిస్తే ఎక్కించు, లేకపోతే వదిలెయ్. జల్దీ!" అన్నాడు టీసీ.

"మడుస్తానయ్యా. ఇది మడత సైకిలే!"

టీసీ సైకిలుని కిందికీ మీదికీ చూసి వెళ్లిపోయాడు.

సత్యమూర్తి గూడ్సు డ్రైవరు. తుక్కులో పడున్న ఈ మడత సైకిలుని తెచ్చుకుని, డ్యూటీ లేని పూటల్లా దాని ముందే కూర్చున్నాడు. తుప్పు గీకాడు. చువ్వలు మార్చాడు. నడుమ కీలు దగ్గరే ఎక్కువ రోజులు పట్టింది. సూర్యకాంతం జగదల్‌పూర్ అవతల పల్లెల్లో నర్సు. జీపు దిగాక ఊరూరూ నడకే. సైకిలుంటే మడిచి జీపులో వేసుకోవచ్చు, దిగాక తొక్కుకుంటూ పోవచ్చు.

కీలు మీది మర పూర్తిగా విప్పాడు. మోకాలు ఆనించి వంచాడు. కదల్లేదు.

"రంగు పట్టేసిందమ్మా. పక్కింటి యేసుపాదాన్ని ఓ పూత వెయ్యమంటే దిట్టంగా పూసేశాడు. ఆరలేదని రాత్రి వాళ్ల పెరట్లోనే ఉంచాను. ఒకసారి మడిచి చూసుకోవాల్సింది."

తాళంచెవితో రంగు గీకాడు. నూనె పోశాడు.

"ఉండనీ నాన్నా. మళ్లీ వచ్చినప్పుడు తీసుకెళ్తాను."

"ఎప్పుడు? వానలు మొదలయ్యాకా?"

ఇంజను కూత వేసింది. సూర్యకాంతం ఎక్కింది. రైలు కదిలింది.

అప్పుడొచ్చాడు యేసుపాదం, రొప్పుతూ, చేతిలో ఇడ్లీ పొట్లంతో.

"అయ్యో, బండెల్లిపోనాదా? సైకిలేటి ఇక్కడే ఉంది అన్నయ్యా?"

"నీ రంగు పుణ్యమే నాయనా! కీలు పట్టేసింది. మడవలేకపోయాను."

"సైకిలు మడవడమేటి?"

సత్యమూర్తి తలెత్తి చూశాడు.

యేసుపాదం గొంతుక్కూర్చుని, నడుమ పైపు అడుగున వేలితో తడిమాడు.

"ఇక్కడ ఇరిగిపోతే ఎవడో మర బిగించి వదిలేసినాడు. అలాటి దాని మీద మన పాపనెలాగ పంపుతాం? రంగెయ్యకముందే చుట్టూరా వెల్డింగు పెట్టేసినాను అన్నయ్యా. ఇంక జన్మలో ఇరగదు."