గ్యాస్కెట్ చెప్పిన కొలత

కంపెనీ బిగించిన భాగం ఒక్కటీ మార్చని పాత లారీ ఇంజనులోకి కొత్తగా సూపర్‌చార్జర్ వచ్చి చేరింది. గాలిని ఒత్తి లోపలికి ఊదడం దాని పని.

"ఎంత ఊదమంటారు?" అని అందర్నీ అడిగింది.

"ఇరవై పౌండ్ల ఒత్తిడితో ఊదు బావా, మా తడాఖా చూద్దువుగాని!" అంటూ పిస్టన్లు రొమ్ము విరుచుకున్నాయి. వాల్వులు ఈలలేశాయి.

రెండు ఇనప దిమ్మెల మధ్య సందులోంచి గాలి పోకుండా అణిగి ఉన్న గ్యాస్కెట్, అట్టముక్కంత పల్చటిది, మెల్లగా నోరు విప్పింది.

"అన్నయ్యా, నేను ఆరు పౌండ్లు ఓర్చుకోగలను. మించితే చిరిగిపోతాను."

పిస్టన్లు పకపకా నవ్వాయి. సూపర్‌చార్జర్ నవ్వలేదు.

"ముందు చిరిగేది నువ్వే కదా చెల్లీ. నీ మాటే నా కొలత," అంది.

మర్నాడు లారీ వీపు నిండా టమాటాలతో ఘాట్ రోడ్డెక్కింది. ఎప్పుడూ మూలుగుతూ పాకే మలుపుల్లో ఈసారి హుషారుగా దూసుకుపోయింది. ముందున్న బస్సునీ దాటేసింది.

"చూశారా, ఇరవై పౌండ్ల దెబ్బంటే ఇదీ!" అని పిస్టన్లు కేకపెట్టాయి.

"ఆరే," అంది గ్యాస్కెట్, నవ్వాపుకుంటూ.

పిస్టన్లు ఒక్క క్షణం తెల్లబోయాయి. తర్వాతి మలుపు నుంచి కొండెక్కేదాకా "ఆరు! ఆరు! ఆరు!" అంటూ అవే తాళం వేశాయి.