నలిగిన నిమ్మకాయలు

రోడ్ల మీద కార్లు వాటంతట అవే నడవబట్టి చాలా ఏళ్ళయింది. చేత్తో నడపాలంటే గుంటూరు శివారులో ఆదివారం పందెం జరిగే మైదానమే దిక్కు. రబ్బరు కోన్లను పడగొట్టకుండా వాటి మధ్య నుంచి త్వరగా బయటపడాలి. ఇందుమతికి ఇదే మొదటి పందెం.

“స్టీరింగ్ ఉందిగా. మీది ఉద్దండుల తరగతమ్మా,” అన్నాడు నిర్వాహకుడు ఫిరోజ్.

“నేర్చుకుందామని వచ్చానండీ. కొత్తవాళ్ళలో వెయ్యండి.”

“వాళ్ళ కారు కంపెనీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉండాలి. ఇప్పుడు ఏ కంపెనీ స్టీరింగ్ పెడుతోంది? మీరు పెట్టించుకున్నారు. ఇంకోటి, ఉద్దండుల్లో ఆఖరున వస్తే ఏడాది దాకా రానివ్వం.”

కొత్తవాళ్ళు చేతులు కట్టుకుని కూర్చుంటే కార్లే కోన్ల మధ్య తిరిగొచ్చాయి. అందరిదీ ఒకే సమయం, అందరికీ కప్పులు. బయల్దేరేటప్పుడు ఒకాయన టైర్ల ముందు నిమ్మకాయలు పెడితే మాత్రం, దారిలో అడ్డం ఉందని కారు కదల్లేదు. ఆయన వాటిని తీసి పక్కన పడేశాడు.

ఇందుమతి వెంట వచ్చిన పెద్దమ్మ వాటినే ఏరి తెచ్చి ఆమె కారు టైర్ల కింద పెట్టింది.

“తొక్కించవే.”

ఇందుమతి తొక్కించింది. ఆ తర్వాత కోన్లనూ తొక్కించింది.

“ఆఖరమ్మా. మళ్ళీ ఏడాదికి రండి,” అన్నాడు ఫిరోజ్.

ఆమె కారు దిగేసరికి నిమ్మకాయలాయన కప్పు చంకలో పెట్టుకుని ఎదురుగా నిలబడి ఉన్నాడు.

“నిమ్మకాయలు తొక్కినప్పుడు చేతికి తెలిసిందాండీ?”

“తెలిసింది.”

ఆయన కప్పు కింద పెట్టి, వంగి, టైరుకు అంటుకున్న నలిగిన తొక్కను వేలితో తాకి చూశాడు.